వైద్యమునకు వెల ఎవరు చెల్లించవలెను?

ఇంటిలో ఒకరికి జబ్బు చేసినప్పుడు గృహస్థుని మనస్సులో రెండు ప్రశ్నలు వెంటవెంటనే పుట్టును. వైద్యుడు ఎంత దూరమున ఉన్నాడు? ఖర్చు ఎంత అగును? మొదటి ప్రశ్నకు సమాధానము దొరికినను రెండవదానికి దొరకక వెనుదిరిగినవారు మన గ్రామములలో కోకొల్లలు. చేతిలో సొమ్ము ఉండియు, వైద్యుడు దగ్గర లేక ఆప్తులను పోగొట్టుకొన్నవారును తక్కువగా లేరు. ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పవలెనని మన దేశములో ప్రభుత్వములు సుమారు ఎనుబది సంవత్సరములుగా ప్రయత్నించుచున్నవి. ఆ ప్రయత్నములు ఎంతవరకు ఫలించినవో ఈ ప్రసంగములో విచారింతము.

1943 అక్టోబరులో, రెండవ ప్రపంచ యుద్ధము సాగుచుండగనే, భారత ప్రభుత్వము దేశారోగ్య స్థితిని పరిశీలించుటకు ఒక సంఘమును నియమించెను. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షులగుటచే అది భోర్ సంఘమను పేర ప్రసిద్ధి చెందినది. 1946లో ఆ సంఘము సమర్పించిన నివేదికలోని లెక్కలు నేటికిని చదువరిని కలవరపెట్టును. బ్రిటిషు ఇండియాలో 1937లో పుట్టిన ప్రతి 1,000 మంది శిశువులలో 162 మంది ఏడాది నిండకుండగనే కన్నుమూసిరి. సగటున 6,300 మందికి ఒక వైద్యుడు ఉండెను. ఆ కొద్దిమంది వైద్యులలోను పెక్కురు పట్టణవాసులే.

వెల చెల్లించు శక్తి లేదను కారణమున ఏ వ్యక్తియు తగిన వైద్యమునకు దూరము కారాదని భోర్ సంఘము తన మొదటి సూత్రముగా స్వీకరించెను. జీతమునుండి చందా వసూలుచేసి వైద్యము సమకూర్చు బీమా పద్ధతి ఆనాటికే కొన్ని పాశ్చాత్య దేశములలో అమలులో ఉండెను. కాని నెల జీతమెరుగని రైతులు, కూలీలు అధిక సంఖ్యాకులైన దేశములో చందా ఎవరినుండి, ఏ విధముగా రాబట్టుట? అందుచే పన్నుల రాబడినుండియే ఖర్చు భరించి, అందరికిని ఉచితముగా వైద్యము అందించవలెనని సంఘము సూచించెను. అంతటితో ఆగక, ఆ వైద్యము అందవలసిన చోటును కూడ నిర్ణయించినది. ముందుగా ప్రతి 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము; అందు ఇద్దరు వైద్యులు, నలుగురు ప్రజారోగ్య నర్సులు, నలుగురు మంత్రసానులు మొదలగువారు. దూరకాల ప్రణాళికలో పది, ఇరువది వేల మందికే 75 పడకల ఆసుపత్రి. వెల సంగతియు, అందుబాటు సంగతియు ఒకే నివేదికలో జతగూడిన అరుదైన సందర్భమది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఈ జత విడిపోయినది. 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టము వెలువడెను. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో అమలునకు వచ్చెను. యజమానియు, కార్మికుడును చందా చెల్లింపగా, ఆ నిధితో కార్మికునకు వైద్యము, సెలవు కాలమున భత్యము లభింపజొచ్చెను. 1954లో కేంద్రప్రభుత్వోద్యోగులకు ఢిల్లీలో వేరొక పథకము ఏర్పడెను. జీతగాండ్రకు ఈ విధముగా కొంత రక్షణ చేకూరినది. ఇక పల్లెవాసికో?

పల్లెలకొరకు 1952 అక్టోబరు 2న ప్రారంభమైన సమాజాభివృద్ధి పథకము క్రింద బ్లాకునకు ఒకటి చొప్పున ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు నెలకొల్పసాగిరి. పేరు భోర్ నివేదికలోనిదే. కొలతలు మాత్రము వేరు. 40,000 మందికని తలపెట్టిన కేంద్రము అంతకు ఎంతో మించిన జనసంఖ్యను భరింపవలసివచ్చెను. ఇద్దరు వైద్యులుండవలసిన చోట తరచుగా ఒక్కరే ఉండిరి. కొన్ని చోట్ల ఆ ఒక్కరును లేరు.

ఈ లోపమును ఎత్తిచూపినవారు మన ప్రాంతమున జన్మించిన మహనీయులే. 1887లో కర్నూలులో పుట్టిన డాక్టరు ఎ. లక్ష్మణస్వామి మొదలియారు భోర్ సంఘములో సభ్యులుగా ఉండిరి. మరల 1959లో, జరిగిన పనిని మదింపు చేయుటకు ఏర్పడిన సంఘమునకు వారే అధ్యక్షులైరి. క్రొత్త కేంద్రములను తెరచుటకన్న ముందు ఉన్నవానిని బలపరచవలెనని ఆ సంఘము స్పష్టముగా చెప్పినది. ఈ మాట నేటికిని పాతబడలేదని మా అభిప్రాయము.

తరువాతి దశాబ్దములలో కేంద్రముల సంఖ్య పెరిగినది. మైదాన ప్రాంతములలో 30,000 మందికొకటి, కొండప్రాంతములలో 20,000 మందికొకటి అను ప్రమాణము ఏర్పడినది. మశూచి అంతరించినది; శిశుమరణములు తగ్గినవి. ఈ విజయములను చిన్నచూపు చూడరాదు. అయినను సర్కారు దవాఖానా ముందు ఉచితమని బోర్డు ఉండగా, లోపల వ్రాసి యిచ్చిన చీటీతో రోగి మందుల దుకాణమునకు నడచుచునే యుండెను. చీటీ ఉచితము, మందు కాదు. పెద్ద జబ్బు వచ్చినచో పొలమో, పుస్తెలతాడో తాకట్టునకు పోయెడిది. గుండె శస్త్రచికిత్సకు సహాయము కోరువారు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకొని ఎదురుచూడవలసియుండెను.

ఈ అర్జీలు హక్కుగా మారినది 2007లో. ఆ సంవత్సరము ఏప్రిల్ 1న, డాక్టరు వై. ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శ్రీకాకుళము, అనంతపురము, మహబూబ్‌నగరు జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకమును ప్రారంభించెను. మరుసటి సంవత్సరము అది రాష్ట్రమంతటికి వ్యాపించెను. తెల్ల రేషను కార్డు గల కుటుంబమునకు ఏడాదికి 1,50,000 రూపాయల వరకు, అవసరమైనచో మరి 50,000 రూపాయల వరకు చికిత్స ఆనాడు లభించెడిది. రోగి పైకము చేతబట్టుకొని పోనక్కరలేదు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కాగితముల పని చూచును. చికిత్సకు ముందుగా అనుమతి వచ్చును. ఒక్కొక్క శస్త్రచికిత్సకు నిర్ణయించిన మొత్తమును ప్రభుత్వ పక్షమున ఆసుపత్రికి చెల్లింతురు.

దీని ఫలితములేమి? గుండెజబ్బుతో పుట్టిన బిడ్డలు, క్యాన్సరు రోగులు, మూత్రపిండములు చెడినవారు ఎందరో ఇంతకు ముందు ఆశింపజాలని చికిత్సను పొందిరి. పథకపు తొలి నెలలను పరిశీలించిన ఆర్థికశాస్త్రజ్ఞులు, ఆసుపత్రిలో చేరినందుకగు సొంత ఖర్చు కుటుంబములకు తగ్గినదని కనుగొనిరి. కాని షెడ్యూల్డు కులముల, తెగల కుటుంబములకు ఈ మేలు తక్కువగా అందినదనియు వారే తెలిపిరి. కారణము ఊహింపరానిది కాదు. పెద్ద ఆసుపత్రులు హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ వంటి నగరములలో ఉన్నవి. కార్డు అందరి చేతిలోను ఉండవచ్చును. నగరమునకు రోగితోపాటు తోడు పోయి, పనిదినములు పోగొట్టుకొని, అక్కడ బస చేయగల శక్తి అందరికిని ఉండదు.

మరియొక చిక్కు చెల్లింపు పద్ధతిలోనే ఉన్నది. శస్త్రచికిత్సకు ఇంత అని వెల కట్టినప్పుడు, శస్త్రచికిత్సలు పెరుగుట సహజము. అవసరము లేకయే స్త్రీలకు గర్భసంచి తొలగించుచున్నారని ఆందోళన చెలరేగగా, కొన్ని చికిత్సలను ప్రభుత్వాసుపత్రులకే పరిమితము చేయవలసివచ్చెను. వేరొక ప్రక్క, ప్రభుత్వము చెల్లింపవలసిన బకాయిలు పేరుకొని, ప్రైవేటు ఆసుపత్రులు సేవలు నిలిపివేసిన సందర్భములు రెండు తెలుగు రాష్ట్రములలోను కలిగినవి. అట్టి దినమున కార్డు చేతబట్టుకొని వాకిట నిలిచిన రోగికి పథకము ఉండియు లేనట్లే.

2018 సెప్టెంబరు 23న కేంద్రప్రభుత్వము కుటుంబమునకు 5 లక్షల రూపాయల పరిమితితో ఇట్టి పథకమునే దేశమంతటికి ప్రారంభించెను. 2023 డిసెంబరులో తెలంగాణము తన పరిమితిని 10 లక్షలకును, ఆంధ్రప్రదేశము 25 లక్షలకును పెంచినవి. పరిమితులు పెద్దవైనవి. కాని మన ఇండ్లలో నెలనెలా జరుగు వ్యయము వేరు. రక్తపోటు మాత్రలు, మధుమేహమునకు మందులు, జ్వరమునకు రక్తపరీక్షలు. వీనిలో ఎక్కువభాగము ఆసుపత్రిలో చేరకయే అగు ఖర్చు. 25 లక్షల పరిమితి దీనికి అడ్డుపడదు.

జాతీయ ఆరోగ్య లెక్కలు ఏమి చెప్పుచున్నవి? 2013-14లో దేశమున వైద్యముపై వ్యయమైన ప్రతి 100 రూపాయలలో సుమారు 64 రూపాయలు కుటుంబములు తమ చేతినుండియే చెల్లించినవి. 2021-22లో అది 39 రూపాయలకు దిగినది. ఇది మెచ్చదగిన మార్పు. అయితే ఆ చివరి సంవత్సరము మహమ్మారి కాలము. టీకాలకును, కోవిడు చికిత్సకును ప్రభుత్వము విశేషముగా వ్యయము చేసిన సంవత్సరమని మరువరాదు. జాతీయాదాయములో 2.5 వంతులు నూటికి 2025 నాటికి ఆరోగ్యమునకు వెచ్చింపవలెనని 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానము సంకల్పించెను. 2021-22లో ప్రభుత్వముల వ్యయము 1.84 వంతులు మాత్రమే.

మొత్తము మీద, మొదటి అర్ధశతాబ్దిలో ప్రభుత్వము కేంద్రములు కట్టినది, వానికి చాలినంత సొమ్ము ఇయ్యలేదు. తరువాత సొమ్ము ఇచ్చుటకు పూనుకొన్నది, కాని అది నగరములలోని శస్త్రచికిత్స గదులకే ఎక్కువగా చేరినది. భోర్ సంఘము ఒకచోట చేర్చిన రెండు పనులను మనము ఒకదాని తరువాత ఒకటిగా చేపట్టితిమి. క్రొత్త పథకము ప్రకటింపబడినప్పుడు దాని పరిమితి ఎన్ని లక్షలని మనము అడుగుట సహజమే. అంతకుముందు, మన మండలములోని ఆరోగ్య కేంద్రమున వైద్యుడు ఉన్నాడా, ఈ నెలకు రక్తపోటు మాత్రలు వచ్చినవా అని కూడ అడుగుట అవసరము.