బెంగుళూరు సెంట్రల్ నియోజకవర్గము: దాని పుట్టుక, పొలిమేరలు

పార్లమెంటు ఎన్నికల పట్టికలలో బెంగుళూరు సెంట్రల్ అను పేరు 2009కి పూర్వము కానరాదు. నియోజకవర్గము చిన్న వయస్సుదే గాని, అది నిలిచిన నేల మిక్కిలి పాతది. ఒకప్పుడు రెండు ప్రభుత్వముల క్రింద నుండిన రెండు ఊళ్లను అది ఒక్క ప్రతినిధి క్రిందికి తెచ్చినది.

మొదటి ఊరు పేట. కెంపెగౌడ 1537 ప్రాంతమున కట్టించినది. ఆయన పేర గంగాగౌరీవిలాసమను తెలుగు యక్షగానము ప్రసిద్ధమై యుండుట మనవారు మరువరాని విషయము. రెండవది దండు. 1809లో ఆంగ్లేయులు హలసూరు పరిసరమున సైన్యమును నిలుపగా, దాని వెంట మద్రాసు రాజధాని నుండి తెలుగువారును తమిళులును వచ్చి చేరిరి. 1881లో మైసూరు రాజ్యమును ఒడయరులకు తిరిగి అప్పగించినను, దండును మాత్రము ఆంగ్లేయులు తమ చేతనే యుంచుకొనిరి. కబ్బన్ పార్కునకు పడమట మహారాజు పాలన, తూర్పున రెసిడెంటు పాలన. పురపాలక సంఘములు వేరు, న్యాయస్థానములు వేరు. 1947 జూలైలో దండు మైసూరునకు తిరిగివచ్చెను. 1949లో రెండు పురపాలికలు కలిసి ఒక్క కార్పొరేషన్ అయ్యెను.

1951-52 నాటి మొదటి ఎన్నికలలో బెంగుళూరు ఉత్తరము, దక్షిణము అని రెండు స్థానములుండెను. 1957లో 'బెంగుళూరు నగరము' అను స్థానము వెలసినది. విధానసౌధ నిర్మాత కెంగల్ హనుమంతయ్య 1962 మొదలు మూడు ఎన్నికలలో బెంగుళూరు నుండి లోక్‌సభకు నెగ్గెను. 1977లో మరల ఉత్తర దక్షిణములే వచ్చినవి. ఆ యేట దక్షిణమున ఆయనను ఓడించిన కె.ఎస్.హెగ్డే లోక్‌సభకు స్పీకరయ్యెను. పిదప ముప్పది యేండ్లు గీతలు కదలలేదు. ఊరు మాత్రము నాలుగు దిక్కులకును ప్రాకిపోయినది.

జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన నేర్పడిన పునర్విభజన సంఘము 2001 జనగణనను బట్టి క్రొత్త గీతలు గీచెను. 2008లో అవి అమలునకు వచ్చినవి. కర్ణాటకమున 224 శాసనసభా స్థానములు, 28 లోక్‌సభా స్థానములు. కనుక లెక్క ప్రకారము ఒక్కొక్క దానికి ఎనిమిది. సెంట్రల్‌నకు వచ్చినవి గాంధీనగర్, చామరాజపేట, రాజాజీనగర్, శివాజీనగర్, శాంతినగర్, సర్వజ్ఞనగర్, సి.వి.రామన్ నగర్, మహాదేవపుర. మన వేమనకు సాటియైన కన్నడ కవి పేర ఒక నియోజకవర్గ ముండుట ముచ్చటైన సంగతి.

మొదటి యేడింటిని గూర్చి పేచీ లేదు. పేటలో చాల భాగమును, దండును వానిలో నున్నవి. ఎనిమిదవదే విచిత్రము. వైట్‌ఫీల్డు మొదలగు తూర్పు శివారులతో కూడిన మహాదేవపుర నగరమునకు ఏ విధముగను మధ్యము గాదు. కాగా పాతపేటలో కరగ ఉత్సవము జరుగు ధర్మరాయస్వామి ఆలయ ప్రాంతము, చిక్కపేట నియోజకవర్గముతో పాటు దక్షిణమునకు పోయినది. ఎనిమిది సంఖ్య నిండవలెను, జనాభా సరిపోవలెను. చరిత్ర ఆ లెక్కలోనికి రాదు. గుమాస్తాగిరి చేసిన వాడనగుటచే పట్టిక నింపువారి కష్టము నే నెఱుగుదును. అయినను ఈ పేరు పొసగలేదనియే నా యభిప్రాయము.

పేరు మాట అటుండనిండు, ఓట్ల బరువు గమనింపదగినది. 2024 నాటికి శివాజీనగర్‌లో ఓటర్లు సుమారు 2 లక్షలు. మహాదేవపురలో 6 లక్షలకు పైబడిరి. ఇద్దరు శాసనసభ్యులకును సభలో ఒక్కొక్క ఓటే. ఆ సంవత్సరము లోక్‌సభ ఎన్నికలో పి.సి.మోహన్ 32,707 ఓట్ల ఆధిక్యముతో గెలిచెను. ఆయనకు మహాదేవపుర యొక్కటియే లక్షకు మించిన ఆధిక్యము నిచ్చినది. తక్కిన యేడును కలిపి చూచిన ఎదుటి పక్షమే ముందుండెను. శివారు నగరమునకు తీర్పు చెప్పెనన్నమాట!

ఆ శివారున కంప్యూటరు ఉద్యోగములకై వచ్చిన తెలుగువారు మెండు. వారిలో పలువురి పేర్లు నేటికిని స్వగ్రామపు జాబితాలోనే యున్నవి. 2024లో ఇచట పోలింగు ఏప్రిల్ 26న, ఆంధ్రదేశమున మే 13న జరిగినవి. రెండవ దానికి ప్రయాణమైనవారు పెక్కురు. ఒకరి పేరు రెండు నియోజకవర్గముల జాబితాలలో నుండరాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము నిర్దేశించుచున్నది. సాధారణముగ నివసించు చోటనే నమోదు కావలెననియు నందే యున్నది. నీరు, రోడ్డు, మురుగుకాలువ కావలసినది ఇచట, ఓటు అచట అయినచో అడుగుట కష్టము.

2025లో నగరపాలికను ఐదుగా విభజించినప్పుడు మహాదేవపుర 'తూర్పు' కార్పొరేషన్‌లో చేరినది. లోక్‌సభకు మధ్యము, చెత్త ఎత్తుటకు తూర్పు! లోక్‌సభ గీతలు మాత్రము 2026 తరువాతి మొదటి జనగణన వరకు కదలకుండునట్లు 2001లో రాజ్యాంగమును సవరించి యుండిరి.