పెదవి మీద మానని పుండు: లక్షణాలు, చికిత్స, అడ్డుపడుతున్న కూలి

నోటి క్యాన్సర్లలో కంటికి నేరుగా కనిపించేది పెదవి క్యాన్సర్. దీన్ని అనుమానించడానికి యంత్రం అక్కర్లేదు, వెలుతురు చాలు. చిన్నగా ఉన్నప్పుడే వైద్యం అందితే పదిమందిలో సుమారు తొమ్మిది మంది ఐదేళ్ల తర్వాత కూడా బతికి ఉంటారు. అయినా మన దేశంలో నోటి క్యాన్సర్ రోగుల్లో ఎక్కువమంది జబ్బు ముదిరాకే ఆసుపత్రికి చేరుతున్నారు. ఈ ఆలస్యాన్ని తగ్గించడానికే మేము ఈ వివరాలు రాస్తున్నాం.

ఎవరికి వస్తుంది?

ఎక్కువగా కింది పెదవికి, నడివయసు దాటిన మగవాళ్లకు వస్తుంది. తెల్ల చర్మం వాళ్లు ఎక్కువగా ఉన్న దేశాల్లో ఎండ ప్రధాన కారణం. మన దగ్గర చుట్ట, బీడీ, గుట్కా, పెదవి లోపల పెట్టుకునే ఖైనీ, సారా ముఖ్య కారణాలు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ‘అడ్డపొగ’ వల్ల ఆడవాళ్లకు అంగిలి క్యాన్సర్ వస్తుంది. ఎండలో రోజంతా నడుం వంచే కూలీ ఆకలి, అలసట మరిచిపోవడానికి ఖైనీ పెట్టుకుంటే, దాన్ని కేవలం ‘చెడు అలవాటు’ అని మేము కొట్టిపారేయలేం.

లక్షణాలు

• రెండు మూడు వారాలైనా మానని పుండు, లేదా ఊడి మళ్లీ మళ్లీ కట్టే చెక్కు
• తెల్లని లేదా ఎర్రని గరుకు మచ్చ, గట్టిపడిన అంచు, తాకితే రక్తం
• ముదిరితే పెదవి, గడ్డం తిమ్మిరెక్కడం, దవడ కింద గట్టి గడ్డలు

మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి లేదు కదా అని పనికి పోతూనే ఉంటారు. ఆలస్యం అక్కడే మొదలవుతుంది.

నిర్ధారణ, చికిత్స

పుండు నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్న భయం నిజం కాదు. రెండు సెంటీమీటర్ల లోపు ఉండి, మెడలో గడ్డలు లేకపోతే మొదటి దశ. అప్పుడు చుట్టూ కొంత మంచి కండతో సహా కోసి తీసేస్తారు, కొందరికి రేడియేషన్ ఇస్తారు. పెదవిలో మూడో వంతు దాకా పోయినా అంచులు కలిపి కుట్టొచ్చు. అంతకు మించితే రెండో పెదవి నుంచో చెంప నుంచో కండ తెచ్చి అతుకుతారు. మెడకు పాకితే గ్రంథులు తీసేసి, తర్వాత రేడియేషన్, కొందరికి దానితోపాటు కీమో ఇస్తారు. రేడియేషన్ అంటే సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు.

ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కింద క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. కానీ పుండు చూపించుకోవడానికి, బయాప్సీకి, రిపోర్టుకి తిరిగే రోజుల కూలి ఎవరిస్తారు? కూలి పోతుందనే భయంతోనే రెండు సెంటీమీటర్ల పుండు నాలుగవుతుంది.

కార్యకర్తలు అడగాల్సింది

జాతీయ కార్యక్రమం ప్రకారం 30 ఏళ్లు దాటిన వాళ్లకు ఐదేళ్లకోసారి నోటి పరీక్ష జరగాలి. మన పేటలో ఎందరికి జరిగిందో పీహెచ్‌సీలో అడుగుదాం. ఎలా జరిగిందో కూడా అడుగుదాం. పెదవి మడిచి చూడాలి, గ్లవ్ వేసుకున్న వేలితో లోపల నొక్కాలి, దవడ కింద తడమాలి. దూరం నుంచి చూసి పంపేస్తే, ముట్టుకోకుండా రిజిస్టర్‌లో టిక్కు పెడితే, అది పరీక్ష కాదు.