జీపు 4.0 లీటర్ల ఇంజనుకు ఎగ్జాస్టు హెడరు ఎంపిక

ఎగ్జాస్టు హెడరు అనగా ఇంజనులోని ఒక్కొక్క సిలిండరు నుండి వెలువడే పొగను విడివిడి గొట్టాల ద్వారా గైకొని, కొంత దూరం పోయిన తరువాత ఒకే గొట్టంలోకి చేర్చే భాగము. కర్మాగారంలో బిగించి పంపే మానిఫోల్డు బదులుగా, వాహనదారులు బయట కొని అమర్చుకునే దానికే సాధారణంగా ఈ పేరు వాడుతారు. కొండదారులు, ఇసుక, రాళ్ళు, వాగులు దాటే వాహనాలకు హెడరును ఎంచుకొనే పద్ధతి, పందెపు కార్లకు ఎంచుకొనే పద్ధతికి భిన్నమైనది. ఈ వ్యాసంలో అమెరికాలో తయారైన జీపు 4.0 లీటర్ల ఇంజనును ఉదాహరణగా తీసుకొని ఆ విషయం వివరించబడినది. హెడరు కొనేవారిలో అత్యధికులు శక్తి కోసం కాక, పాత మానిఫోల్డు పగిలిపోయి కొనేవారే కావడం ఈ ఇంజను ప్రత్యేకత.

ఇంజను

ఇది ఒకే వరుసలో ఆరు సిలిండర్లు గల పెట్రోలు ఇంజను. అమెరికన్ మోటార్స్ సంస్థ రూపొందించగా 1987 నమూనా సంవత్సరంలో చెరోకీ వాహనంలో వచ్చింది. అదే సంవత్సరం ఆ సంస్థను క్రైస్లర్ కొనివేసింది. ఘనపరిమాణం 3,956 ఘన సెంటీమీటర్లు, అంటే ఒక్కొక్క సిలిండరుకు దాదాపు 659. మొదట 173 అశ్వశక్తి గల ఈ ఇంజను 1991లో మార్పులు పొంది 190 అశ్వశక్తికి చేరింది. చెరోకీ, కొమాంచి, గ్రాండ్ చెరోకీ, రాంగ్లర్ వాహనాలలో దీనిని అమర్చారు. 2006 రాంగ్లర్‌తో దీని చరిత్ర ముగిసింది. అయినను ఈ వాహనాలు నేటికీ పెద్ద సంఖ్యలో తిరుగుతున్నాయి గనుక విడిభాగాల వ్యాపారం సజీవంగా ఉన్నది.

ఇన్‌టేక్ మానిఫోల్డు, ఎగ్జాస్టు మానిఫోల్డు రెండూ ఇంజనుకు ఒకే ప్రక్కన, ఒకదానిపై ఒకటిగా ఉంటాయి. రెండింటికీ కలిపి ఒకటే గాస్కెట్టు, కొన్ని బోల్టులు కూడా ఉమ్మడివే. కనుక క్రిందిది మార్చాలంటే పైదానిని కూడా వదులు చేయక తప్పదు.

మానిఫోల్డు ఎందుకు పగులుతుంది

1990 దశకపు వాహనాలలో ఉన్నది గొట్టాలను వెల్డు చేసి తయారుచేసిన మానిఫోల్డు. గొట్టాలు కలిసే చోట, వెల్డింగు అంచుల వద్ద ఇది బీటలు వారుతుంది. 2000 ప్రాంతం నుండి ముందు మూడు సిలిండర్లకు ఒకటి, వెనుక మూడింటికి ఒకటిగా రెండు భాగాలు చేశారు గాని, పగుళ్ళ బాధ పూర్తిగా పోలేదు.

మూలకారణం ఉష్ణ వ్యాకోచము. స్టెయిన్‌లెస్ స్టీలు ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు తన పొడవులో పది లక్షల వంతులలో దాదాపు 17 వంతులు పెరుగుతుంది. 40 సెం.మీ. గొట్టం 600 డిగ్రీలు వేడెక్కితే అది 4 మి.మీ. పెరుగుదల. పోత ఇనుముతో చేసిన సిలిండరు హెడ్డు అంతగా పెరగదు, పైగా నీటితో చల్లబడుతూ ఉంటుంది. అంటే ఒక ప్రక్క కదలని గోడ, మరొక ప్రక్క ప్రతిరోజూ సాగి ముడుచుకొనే గొట్టము. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే తెగినట్లే, కొన్ని వేల పర్యాయాల తరువాత వెల్డు వద్ద లోహం అలసిపోతుంది.

దీనికి తోడు రెండవ కారణం ఒకటి ఉన్నది. చాలామంది దానిని పట్టించుకోరు. ఇంజను, గేరుబాక్సుల క్రింద ఉండే రబ్బరు మౌంట్లు అరిగిపోతే, యాక్సిలరేటరు నొక్కిన ప్రతిసారీ ఇంజను ప్రక్కకు ఒరుగుతుంది. క్రింది గొట్టం మాత్రం ఛాసిస్‌కు కట్టివేయబడి ఉంటుంది. ఆ మెలి అంతా మానిఫోల్డు మెడ మీద పడుతుంది. రాళ్ళ మీద నడిపే వాహనంలో ఈ కదలిక మరీ ఎక్కువ. మౌంట్లు మార్చకుండా ఎంత ఖరీదైన హెడరు బిగించినా అది కూడా పగులుతుంది.

పగులును గుర్తించుట

చల్లగా ఉన్న ఇంజనును ప్రారంభించగానే టిక్కు టిక్కుమనే శబ్దం వచ్చి, వేడెక్కిన కొద్దీ తగ్గిపోవడం ప్రధాన లక్షణము. లోహం వ్యాకోచించి పగులు మూసుకొనడమే అందుకు కారణం. వాల్వు టాపెట్ల శబ్దమని పొరబడి హెడ్డు విప్పించుకున్నవారు లేకపోలేదు. పగులు చుట్టూ నల్లని మసి గీత కనిపించవచ్చు. అనుమానం తీరకపోతే, చల్లని ఇంజను మీద పొగగొట్టం చివర నుండి గాలి ఊదే యంత్రంతో తక్కువ ఒత్తిడిలో గాలి పంపి, మానిఫోల్డు మీద సబ్బునీరు చల్లితే బుడగలు వచ్చిన చోటే పగులు.

ఇది కేవలం శబ్దానికి సంబంధించిన విషయం కాదు. సిలిండరు నుండి సిలిండరుకు మధ్య ఉండే క్షణకాలపు తక్కువ ఒత్తిడిలో పగులు గుండా బయటి గాలి లోపలికి పీల్చబడుతుంది. ఆక్సిజన్ సెన్సరు దానిని చూసి పెట్రోలు చాలడం లేదని భ్రమపడుతుంది. కంప్యూటరు మరింత పెట్రోలు పోస్తుంది. మైలేజి పడిపోతుంది, క్యాటలిటిక్ కన్వర్టరు చెడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, బానెట్టు క్రింద కారిన పొగ హీటరు ద్వారా లోపలికి రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. కిటికీలు మూసుకొని చలిలో ప్రయాణించే కుటుంబానికి అది ప్రాణాపాయము.

గొట్టాల అమరిక, తరంగాలు

ఈ ఇంజను మండే క్రమము 1-5-3-6-2-4. ప్రతి 120 డిగ్రీలకు ఒక సిలిండరు. ముందున్న 1, 2, 3 సిలిండర్లను మాత్రమే చూస్తే అవి సరిగ్గా 240 డిగ్రీల ఎడముతో మండుతాయి. వెనుకనున్న 4, 5, 6 కూడా అంతే. కాబట్టి ముందు మూడింటిని ఒక గుంపుగా, వెనుక మూడింటిని మరొక గుంపుగా కలిపి, ఆ రెంటినీ తరువాత ఒకటి చేస్తే ఒక సిలిండరు పొగ మరొకదానికి అడ్డు రాదు. హెడరు కొనేటప్పుడు మొదట చూడవలసినది ఈ అమరికనే. ఆరు గొట్టాలూ ఒకే చోట కుక్కినట్లు కలిసే చౌకరకాల కన్నా ఇది మేలు.

గొట్టం పొడవును బట్టి శక్తి పెరుగుతుందని వ్యాపార ప్రకటనలలో తరచు కనబడుతుంది. సూత్రం నిజమే. తెరిచి ఉన్న కొస నుండి ఒత్తిడి తరంగం విరళీకరణంగా తిరిగివస్తుందని ఆర్గాన్ గొట్టాల పాఠంలో ఇంటర్మీడియెట్ విద్యార్థులు చదువుకుంటారు. ఆ విరళీకరణం సరియైన సమయానికి వాల్వును చేరితే మిగిలిన పొగను బయటికి లాగుతుంది. కాని లెక్క వేసి చూడవలెను. వేడి పొగలో ధ్వని వేగం సెకనుకు దాదాపు 550 మీటర్లు. నిమిషానికి 2000 భ్రమణాల వద్ద, ఎగ్జాస్టు వాల్వు తెరుచుకున్నది మొదలు రెండు వాల్వులూ తెరిచి ఉండే క్షణం వరకు, సుమారు 240 డిగ్రీలు, అంటే 20 మిల్లీసెకన్లు. పోయి రావడానికి అంత సమయం పట్టాలంటే గొట్టం అయిదున్నర మీటర్లు ఉండాలి! జీపు బానెట్టు క్రింద అర మీటరుకు మించి చోటు దొరకడమే కష్టము. రాళ్ళ మీద పాకే వాహనం నడిచేది 1000-2000 భ్రమణాల మధ్యనే గనుక, అక్కడ తరంగాల వలన కలిగే లాభం గురించి చెప్పే మాటలకు విలువ ఇవ్వనవసరం లేదు. సాఫీ వంపులు, పొగల మధ్య ఎడము మాత్రం కొంత ఉపయోగిస్తాయి.

గొట్టం వ్యాసం విషయంలో పెద్దదే మంచిదనే అభిప్రాయం కూడా సరికాదు. 659 ఘన సెంటీమీటర్ల సిలిండరుకు 38 మి.మీ. (ఒకటిన్నర అంగుళం) గొట్టం చాలును. అంతకు మించితే పొగ వేగం తగ్గి క్రింది భ్రమణాలలో లాగుడు బలం నష్టపోవచ్చు. కొందరు దీనికి 'వెనుక ఒత్తిడి ఉండాలి' అని కారణం చెబుతారు. కావలసినది ఒత్తిడి కాదు, వేగము.

ఏమైనా హెడరు ఒక్కటే మార్చినందువలన శక్తిలో కలిగే వృద్ధి స్వల్పమే. మన్నిక కోసం కొనడమే వివేకము.

లోహం, తయారీ

గొట్టం గోడ మందం 18 గేజి (దాదాపు 1.2 మి.మీ.), 16 గేజి (దాదాపు 1.6 మి.మీ.) రకాలు సాధారణం. బరువు కొంత పెరిగినా 16 గేజి తీసుకొనవలెను. హెడ్డుకు ఆనే ఫ్లాంజి పలక కనీసం 9 మి.మీ. మందం ఉంటే వేడికి వంగదు. వంగితే చివరి సిలిండర్ల వద్ద గాస్కెట్టు కాలిపోతుంది. పలకను ఒక చదునైన గాజు బల్ల మీద పెట్టి చూస్తే వంకర వెంటనే తెలుస్తుంది. పెట్టె విప్పిన రోజే ఈ పరీక్ష చేయుట మంచిది, బిగించిన తరువాత దుకాణదారు వెనుకకు తీసుకొనడు.

మామూలు ఉక్కుకు రంగు వేసినవి చౌక, కాని వాగులు దాటే వాహనంలో త్వరగా తుప్పు పడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదు గాని, మామూలు ఉక్కు కన్నా ఎక్కువగా వ్యాకోచిస్తుంది. కనుక కొందరు తయారీదారులు గొట్టాలలో ముడతల స్ప్రింగు వంటి బెల్లోస్ అమర్చి సాగుదలకు అవకాశం కల్పిస్తారు. ఈ ఇంజనుకు ఇది చాలా ఉపయోగకరమైన ఏర్పాటు. సిరామిక్ పూత వేడిని లోపలే నిలిపి, పైనున్న పెట్రోలు ఇంజెక్టర్లకు వేడి తగలకుండా కాపాడుతుంది. అదే పని కోసం చుట్టే గుడ్డ పట్టీలు మాత్రం బురదలో, నీటిలో తిరిగే వాహనానికి తగవు. తడిని పట్టి ఉంచి లోహాన్ని తినివేస్తాయి. అటువంటి పట్టీలు చుడితే హామీ చెల్లదని పలువురు తయారీదారులు ముందే చెబుతారు.

అమరిక సమయంలో స్టార్టరు మోటారు, ఇంజను మౌంటు, స్టీరింగు షాఫ్టు, ముందు చక్రాలకు పోయే షాఫ్టులకు గొట్టం తగలకుండా చూడవలెను. క్రిందికి వేలాడే గొట్టం రాతికి తగిలి నలుగుతుంది, ఎండుగడ్డి తగిలితే నిప్పు అంటుకుంటుంది. ఈ రెండు కారణాల చేత పొట్టి హెడర్లే ఇటువంటి వాహనాలకు నయము. పాత బోల్టులకు ముందురోజే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాలి. హెడ్డులో బోల్టు విరిగితే ఒక పూట పని మూడు రోజులవుతుంది. క్రొత్తవి బిగించేటప్పుడు మధ్య నుండి అంచులకు, మాన్యువల్‌లో ఇచ్చిన బిగువుకే బిగించి, కొన్నిసార్లు వేడెక్కి చల్లారిన తరువాత మరల సరిచూడవలెను.

చట్టపరమైన నిబంధనలు

అమెరికా స్వచ్ఛవాయు చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ పరికరాలను తొలగించడం నేరము. హెడరు కోసం కన్వర్టరును తీసివేయడం దీని క్రిందికి వస్తుంది. కాలిఫోర్నియాలో రోడ్డు మీద తిరిగే వాహనానికి అమర్చే హెడరుకు ఆ రాష్ట్ర వాయు వనరుల మండలి జారీచేసిన అనుమతి ఉత్తర్వు సంఖ్య ఉండాలి. 1975 వరకు తయారైన వాహనాలకు తనిఖీ నుండి మినహాయింపు ఉన్నది గాని, ఈ ఇంజను గల జీపులన్నీ ఆ తరువాతివే. ఒకే హెడరుకు కొన్ని నమూనా సంవత్సరాలకు మాత్రమే అనుమతి ఉండవచ్చు. కనుక సంఖ్య ఉన్నదా అని కాక, తమ వాహనపు సంవత్సరానికి వర్తిస్తుందా అని చూడవలెను. అమెరికాలోని తెలుగువారు పాత రాంగ్లరు కొనేటప్పుడు, పూర్వపు యజమాని అమర్చిన హెడరు మీద ఈ సంఖ్య పలకను వెదకడం మరువరాదు. అది లేకపోతే పొగ తనిఖీలో ఇబ్బంది పడేది క్రొత్త యజమానియే.

భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను వాహనంలో మార్పులను నియంత్రిస్తుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముంబైలో మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల కూర్పు ప్రారంభించినది మొదలు 'జీపు' తెలుగులో ఇంటిమాటగా మారినా, ఈ 4.0 లీటర్ల ఇంజను మన రోడ్ల మీద అరుదు. 2020లో వచ్చిన మహీంద్రా థార్ ఇంజన్లన్నీ టర్బోచార్జరు గలవి. వాటిలో పొగ ముందుగా టర్బోను త్రిప్పవలసి ఉండుటచేత పైన చెప్పిన హెడరు లెక్కలు వాటికి వర్తించవు.