భవిష్యత్ క్రియకు దేహాంతరప్రాప్తి

జననం, అస్తిత్వం, పరిణామం, వృద్ధి, అపక్షయం, వినాశం అనే షడ్భావవికారాలను వార్ష్యాయణి మతంగా యాస్కాచార్యుడు నిరుక్తంలో పేర్కొన్నాడు. అవి క్రియ తెలిపే భావానికే కాక క్రియారూపానికి సైతం వర్తిస్తాయనడానికి ఇటాలియన్ భాషాచరిత్ర ఒక నిదర్శనం.

లాటిన్‌లో ‘కంతాబో’ అనగా ‘పాడగలను’. అందలి ‘బో’ ప్రత్యయం సంస్కృత ‘భూ’ ధాతువుకు సజాతీయం. కాలక్రమంలో పదమధ్యస్థ బకారం వకారసదృశం కాగా, ‘కంతాబిత్’ (పాడగలడు), ‘కంతావిత్’ (పాడెను) అనే రూపాలకు శ్రవణభేదం నశించింది. భవిష్యత్తు, భూతం ఒకే ధ్వనిలో లీనమయ్యాయి.

అట్టి స్థితిలో లోకవ్యవహారం ‘కంతారే హాబెయో’ అనే పదబంధాన్ని ఆశ్రయించింది. ‘పాడవలసినది నాకు కలదు’ అని దాని ఆదిమార్థం. ఆ పదద్వయమే ఏకమై ఇటాలియన్‌లో ‘కంతెరో’ అయింది. ‘కలిగియుండు’ అనే అర్థంగల క్రియకు ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషల ఏకవచనరూపాలు ‘ఓ, ఆయి, ఆ’. ‘కంతెరో, కంతెరాయి, కంతెరా’ల అంతమందు అవి నేటికీ స్పష్టం. ఆ క్రియ భూతరూపమైన ‘ఎబ్బి’ మూలంగానే, మన లృఙ్ లకారంతో పోల్చదగిన ‘కంతెరేయి’ సిద్ధించింది.

సంస్కృత లుట్ లకారంలోనూ ఇదే ప్రక్రియ: ‘కర్తా’, ‘అస్మి’ కలిసి ‘కర్తాస్మి’. 1816లో ఫ్రాన్జ్ బాప్ సంస్కృత, గ్రీకు, లాటిన్, పారసీక, జర్మానిక్ క్రియలను తులనం చేసి, ప్రత్యయాలలో నిగూఢమైన సహాయక్రియలను అన్వేషించాడు.

‘కంతాబో’ వినష్టమైనా, రేపటిని పలకాలనే వక్తృవివక్ష నశించలేదు. అది నూతనశబ్దాన్ని ధరించింది.