తాళ్లపాకవారి అరయు, చదువని పుస్తకములును

శ్రీవారి దర్శనము ముగించుకొని విమాన ప్రదక్షిణమున వచ్చు యాత్రికుడు, వెనుకనున్న జనసమ్మర్దము తన్ను ముందునకు నెట్టుచుండగా, హుండీలో వేయవలసిన ముడుపును పిడికిట బట్టుకొని సాగిపోవునేగాని, భాష్యకారుల సన్నిధి చేరువనున్న యొక చిన్న రాతిగదిని సాధారణముగా గమనింపడు. దానికి తాళ్లపాకవారి అర యని వాడుక. సంకీర్తన భాండాగారమని గౌరవనామము. దాని కిరుప్రక్కల నున్న రెండు శిల్పములును అన్నమాచార్యులదియు, ఆయన కుమారుడైన పెదతిరుమలాచార్యులదియు నని చెప్పుదురు. పదునాఱవ శతాబ్దపు పూర్వార్ధమున, అచ్యుతదేవరాయల కాలమునాటికే రాగిరేకుల కెక్కి యీ గదిని జేరిన సంకీర్తనములు, 1922 ప్రాంతమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు వెలికి దీయువఱకు, దాదాపు నాలుగువందల యేండ్లు చదువరి లేక పడియుండెను. పుస్తకములు కొని చదువక పేర్చుకొనుట యీ కాలపు జాడ్యమనియు, అంగళ్లును తపాలాయు సులభములైన పిదప పుట్టిన వ్యసనమనియు మమ్ము నిందించువారు, తిరుమలకు బోయినప్పుడు ఆ గదియెదుట ఒక్క నిమిషము నిలిచి రాదగును.

తిరుపతిలో కాపురముండి పుస్తకములపై మక్కువ గలవానికి ఇల్లు చాలకపోవుట వింత గాదు. దేవస్థానమువారు ముద్రించు గ్రంథముల వెల తక్కువ, విశ్వవిద్యాలయములు పెక్కు, పదవీవిరమణ చేసిన పండితుల యిండ్లనుండి పాతపుస్తకములు మూటలుగా బయటికి వచ్చు ఊరిది. నా బల్లమీద సంకీర్తన సంపుటములపై శాసన సంపుటములును, వానిపై తరిగొండ వెంగమాంబ కృతులును, ఆపైన నిన్నమొన్నటి నవలలును కవితలును ఎక్కి కూర్చున్నవి. ఇది యంతయు ఎన్నటికి చదువుదువని యింటివారు అడుగుదురు. ఆ ప్రశ్నకు సమాధానము వెదకుచునే యీ సీమలో గ్రంథములు వేచియుండిన చరిత్రను కొంత తిరుగవేసితిని.

రాగిరేకుల సంగతి కొంచెము వివరముగా చెప్పవలయును. రేకునకు ఇరుప్రక్కల మూడేసి చొప్పున ఆఱు పాటలు. పాట తలయందు రాగము పేరు. స్వరము లేదు. ఎట్లు పాడవలెనో పాడువారికి నోటనే యున్నదని చెక్కించినవారి ధీమా కాబోలు. అన్నమాచార్యులు పదునాఱవ యేట, శకము 1346 క్రోధి సంవత్సరమున సంకీర్తనములు మొదలుపెట్టిరనియు, శకము 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి వఱకు చెప్పిరనియు రేకులమీదనే వ్రాతయున్నది. అనగా క్రీస్తుశకము 1424 నుండి 1503 వఱకు. మనుమడైన చిన్నన్న తన ద్విపద చరిత్రలో పాటల సంఖ్యను ముప్పదిరెండువేలుగా చెప్పినాడు. ఆఱేసి చొప్పున లెక్కించినచో ఐదువేలకు మించిన రేకులు కావలయును. దొరకినవి రెండువేలకు పైబడిన రేకులు, వానియందు పండ్రెండువేలకు పైగా పాటలు. మిగిలియున్నదే యింత రాశి!

అంతటి రాశిని చదువువారు లేకపోవుటకు కారణము సోమరితనము గాదు. 1565లో విజయనగరము కూలిన పిమ్మట, కీర్తనసేవకు వెన్నుదన్నైన రాజాశ్రయము సడలినది; ఆర్కాటు నవాబుల కాలమున కొండ యనగా కప్పము తెచ్చిపెట్టు ఆస్తి యైనది; 1801లో కుంపిణీవారు ఆలయమును నేరుగా తమ చేతిలోనికి దీసికొన్నపుడును వారి దృష్టి ఆదాయవ్యయములమీదనే నిలిచినది. 1821 నాటి బ్రూసుకోడను ఆలయపాలన నియమావళిని చూచినవారికి, కొలువులో ఎవరెవరు ఏ పని చేయవలెనో ఎంత నిశితముగా వ్రాసికొనిరో తెలియును. 1843లో పాలనము హథీరాంజీ మఠపు మహంతుల కప్పగింపబడి, 1933 వఱకు వారి చేతనే సాగినది. ఇన్ని చేతులు మాఱినను ఆ రేకులను కరిగించి బిందెలు చేసికొనక గదిలో ఉండనిచ్చినవా రెవరో, వారికి మనము ఋణపడియున్నాము. చదువకపోయినను కాపాడుట యొక విధమైన విద్యాసేవయే యని నే ననుకొందును.

మధ్యలో ఒక చదువరి వచ్చినాడు. 1816లో తెలుగు వ్యాకరణము నాంగ్లమున ప్రకటించిన ఏ.డి. కాంప్‌బెల్ దొర, కొండమీద వేలకొలది రాగిరేకులున్నవని విని, పరీక్షించి రమ్మని ఒకనిని పంపినట్లు తన యుపోద్ఘాతమున వ్రాసినాడు. ఆ వచ్చినవాడు ఒక లక్షణగ్రంథమును మాత్రము నకలు వ్రాసికొని, తక్కినదంతయు దేవుని స్తుతించు పాటలే యని తేల్చిపోయెను. పద్యకావ్యములకును వ్యాకరణములకును గల గౌరవము పాటలకు లేని కాలమది. వాని చూపు మందమైనది కాదు, వెదకుచున్నది వేఱు. తనకు కావలసినదేదో ముందుగనే తీర్మానించుకొని గ్రంథములయెదుట కూర్చున్నవాడు పండ్రెండువేల పాటలను ఒక వాక్యముతో త్రోసివేయగలడని యీ యుదంతమువలన తెలియుచున్నది. పుస్తకసమీక్షలు వ్రాయు మావంటివారము దీనిని తఱచుగా జ్ఞప్తికి దెచ్చుకొనవలయును.

చైనాదేశపు దున్‌హువాంగ్ గుహలలో పదునొకండవ శతాబ్దపు తొలినాళ్ల మూసివేసిన యొక గదిని 1900లో ఒక సన్న్యాసి కనుగొన్నప్పుడు, కొన్నియేండ్లలోనే అందలి గ్రంథములు లండనుకును పారిసుకును పంపకమైపోయినవి. మన రేకులకు ఆ గతి పట్టలేదు. కొండ దిగి తిరుపతివఱకే వచ్చినవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు శాసనపరిశోధకులు; ఆలయపు గోడలమీది అరవ తెలుగు కన్నడ సంస్కృత శాసనములను ప్రతులు దీయుటలో కాలము గడపినవారు. రాతిమీది వ్రాతలలో కాలు పెట్టినవానికే రాగిమీది వ్రాతల తలుపు తెఱచుకొనుట న్యాయముగా నున్నది. 1930లో ఆయన శాసనములపై నివేదికను ప్రకటించెను. 1931 మొదలు దేవస్థాన శాసన సంపుటములు వరుసగా వెలువడినవి.

చదువుట యను కష్టము అటుపిమ్మట మొదలైనది. 1939లో దేవస్థానమువారు తిరుపతియందు ప్రాచ్యపరిశోధనాలయమును స్థాపించిరి. మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకాగారమున తాటియాకుల నడుమ జీవితము గడపిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఆ తరుణమున నిచటికి వచ్చి, తాళ్లపాకవారి వాఙ్మయమును తమ తపస్సుగా చేసికొనిరి. చిన్నన్న వ్రాసిన ద్విపద చరిత్రకు విపులమైన పీఠిక సంతరించి 1949లో ప్రకటించి, మఱుసటి యేడు, 1950లో, కన్నుమూసిరి. ఆ పీఠికను చదువుచున్నంతసేపు, ఈ మహానుభావుని బల్లమీద ఎన్ని రేకుల నకళ్లు మిగిలిపోయెనోయన్న యూహ నన్ను వదలలేదు. ఆయన వెనుక మైసూరునుండి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వచ్చిరి. సంగీతజ్ఞుడును సాహితీవేత్తయునగు ఆయన పాఠమును పరిష్కరించుటయేగాక, పేరు మాత్రమే మిగిలిన రాగములకు వరుసలు గూర్చి, నూటికి పైగా పాటలకు మరల గొంతు నిచ్చిరి. పండ్రెండువేలలో నూఱు! అంతటి విద్వాంసునికి గూడ రాశి రాశిగానే మిగిలినది. ఇది చూచిన పిదప నా బల్లమీది గుట్టను గూర్చి నేను సిగ్గుపడుట మానివేసితిని.

ప్రాచ్యపరిశోధనాలయము 1956లో, అంతకు రెండేండ్లముందు పుట్టిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయములో కలిసినది. అందు తాళపత్రములు వేలకొలది యున్నవి. తాటియాకు ప్రతిని దగ్గఱగా చూచినవారికి, చదువుటకు ముందు చేయవలసిన పరిచర్య యెంతయో తెలియును. త్రాడు విప్పి చెక్కపలకలను తొలగింపవలెను. పెళుసెక్కిన ఆకును ఆకునుండి విడదీయవలెను. నిమ్మగడ్డినూనె పూసి తుడువవలెను. గంటముతో గీచిన గీతలలోనుండి వన్నె పోయినచో మసి నూఱి రుద్ది, గుడ్డతో నొత్తిన పిమ్మటగాని అక్షరము కంటికి దోపదు. అటుపై పదములనడుమ ఎడము లేని ఆ వ్రాతలో ఎచట పదము ముగిసినదో ఎచట మొదలైనదో చదువరియే తేల్చుకొనవలెను. ఆకు చదువువానికి దినమునకు కొన్ని పద్యములు సాగిన గొప్ప. మనము అచ్చుపుస్తకమును ఒక రాత్రిలో ముగించి, రెండవ రాత్రి మఱచిపోవుదుము.

ఇదంతయు వ్రాతకోవకు జెందిన చరిత్ర. ఈ సీమలో చదువునకు మఱియొక త్రోవ గలదు; అందు గుట్ట యన్న మాటయే లేదు. చిత్తూరుసీమ పల్లెలలో ధర్మరాజుగుడి గల చోటనెల్ల భారతమిట్ట యని యొక మెఱక యుండును. వేసవిలో, పొలములు ఖాళీయైన రోజులలో, పదునెనిమిది దినములు, కొన్ని చోట్ల అంతకు మించియు, అక్కడ మహాభారతము నడచును. పగలు పందిరిలో హరికథ. రాత్రి తెల్లవాఱులు వీథినాటకము. బకాసురవధనాడు భీముడు అన్నపుబండి నెక్కి ఊరేగును. అర్జునుని తపస్సునాడు వేషధారి పద్యములు పాడుచు ఎత్తైన తపసుమాను నెక్కి, పైనుండి నిమ్మకాయలు విసరుచుండ, సంతానమును గోరు స్త్రీలు క్రింద ఒడిపట్టుకొని సాష్టాంగపడుదురు. కడపటినాడు మట్టితో చేసిన దుర్యోధనుని నిలువెత్తుకు పదిరెట్ల విగ్రహము నేలపై వెల్లకిల పరుండియుండ, భీమవేషధారి గదతో తొడ గొట్టగా, ద్రౌపది కురులు ముడిచికొనును, సాయంకాలము అగ్నిగుండము. అక్షరము రాని ముసలమ్మ యొకతె, ఏ పర్వమున ఏ రాజు పడునో వేళ్లమీద లెక్కించి చెప్పుట నేను విన్నాను. ఆమె తన ఆయుష్షులో భారతమును పలుమాఱు ముగించినది. ఆంధ్రమహాభారతపు సంపుటములు వరుసగా కొని అద్దపుబీరువాలో నిలిపినవారు ఆదిపర్వము దాటిరో లేదో సందేహమే.

తరిగొండ వెంగమాంబ (1730–1817) విషయమున మనము ఇంతకంటె విచిత్రముగా ప్రవర్తించినాము. వాయల్పాడు ప్రాంతమున పుట్టి, కొండనెక్కి, తుంబురుకోనలో తపస్సు చేసి, వేంకటాచలమాహాత్మ్యమును, ద్విపద భాగవతమును, యక్షగానములను వ్రాసిన యీ కవయిత్రి పేరు తిరుమలలో వెంగమాంబ అన్నప్రసాద భవనమునకు పెట్టబడినది. దినదినము వేలకొలది జనులు ఆ పేరు వ్రాసిన కప్పు క్రింద కూర్చుండి భుజింతురు. చేయి కడుగుకొని వచ్చినవారిలో ఆమె పద్యమొక్కటి విన్నవారు ఎందఱుందురు?

గ్రంథాలయముల మాట క్లుప్తముగా చెప్పెదను. 1911లో ఏర్పడిన చిత్తూరుజిల్లా 1953 వఱకు మదరాసు రాష్ట్రములోనిదే గావున, 1948 నాటి మదరాసు పౌరగ్రంథాలయచట్టము మొదట ఇక్కడికి వచ్చినది. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టము. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిదిపైసలు గ్రంథాలయపన్నుగా ప్రతి గృహస్థుడును చెల్లించుచునే యున్నాడు. మదరాసు చట్టమునకు మూలపురుషుడైన ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1931లో చెప్పిన ఐదు సూత్రములలో, ప్రతి పుస్తకమునకు దాని చదువరి యుండునన్నది యొకటి. నేడు జిల్లాలోని ఏ పఠనమందిరమునకు బోయినను కుర్చీలు నిండియే యుండును. అయితే కూర్చున్నవారు ఉద్యోగపరీక్షలకు సిద్ధమగు యువకులు, తమ పుస్తకములను తామే సంచిలో తెచ్చుకొన్నవారు. వారివెనుక బీరువాలు తాళము వేసియే యుండును. ఆ బిడ్డలను తప్పుబట్టుట అన్యాయము. చల్లని గాలియు నిశ్శబ్దమును ఊరకే దొరకు చోటు ఊరిలో మఱియెక్కడ నున్నది?

ఇటీవలి పుస్తకములలో నేను మొదట చేతికెత్తుకొన్నది మధురాంతకం నరేంద్రగారి నవల ‘మనోధర్మపరాగం’. 2022లో సాహిత్య అకాడమీ బహుమానము పొందిన గ్రంథమిది. ఆయన తండ్రి, దామలచెరువులో బడిపంతులుగా నుండి యీ సీమ బ్రతుకులను కథలుగా చెక్కిన రాజారాంగారికి 1993లోనే ఆ గౌరవము దక్కినది. దేవదాసీ కుటుంబముల స్త్రీలను, వారి సంగీతనృత్యములను గూర్చిన యీ నవలను తొందరపడి చదువ వీలులేదు. నాకైతే కొన్నిచోట్ల ఆగి, సంగీతము తెలిసినవారి నడిగి ముందునకు పోవలసి వచ్చినది. తెలుగున సంగీతమును అలంకారముగా వాడిన నవలలు పెక్కు గలవు. బ్రతుకుతెరువుగా, దక్కిన ఆస్తిగా, పోగొట్టుకొన్న పరువుగా చూచినవి తక్కువ. 1947లో మదరాసు ప్రభుత్వము చట్టము చేసి ఆ యాచారమును మాన్పినపుడు, ఆచారముతో పాటు ఎన్ని పాటలు నోటనుండి జాఱిపోయెనోయని తలచుచుండగా, తాళ్లపాకవారి శృంగారసంకీర్తనములు జ్ఞప్తికి వచ్చినవి. దొరకిన పాటలలో మిక్కిలి పెద్దభాగము శృంగారమే. రాగము పేరు మాత్రము చెక్కించి స్వరమును నోటికి వదలినపుడు, ఆ నోళ్లలో ఆడువారివి ఎన్ని? ఆలయశాసనములలో సానుల ప్రస్తావన కలదని చదివిన గుర్తు మెదలినది.

శాసన సంపుటములు గుట్ట యడుగున నున్నవి. వానిని లాగవలెనన్న పైవన్నియు దింపవలసి వచ్చినది. దింపినవి తిరిగి పేర్చునపుడు వరుస తలక్రిందులైనది. నామిని సుబ్రహ్మణ్యంనాయుడిగారి ‘మిట్టూరోడి పుస్తకం’ బల్ల యంచునకు వచ్చినది. 2022లోనే అకాడమీవారి యువపురస్కారము నందుకొన్న పల్లిపట్టు నాగరాజు కవితాసంపుటి ‘యాలై పూడ్సింది’ అన్నిటికంటె పైన నిలిచినది. శాసనములను మఱునాటికి వాయిదావేసి ఆ రాత్రి దానినే తెఱచితిని. గ్రాంథికమునకు అలవాటుపడిన నా కంటికి ఆ పల్లెమాట వేగముగా సాగలేదు. పైకి చదివినచో మాత్రము ఒక్క పలుకైనను తడబడలేదు. ప్రక్కగదిలోనివారు లేచివచ్చి, మొదటినుండి చదువుమనిరి.