అండమాన్ మహిళా ఖైదీలు

బ్రిటిష్ పాలనలో ద్వీపాంతరవాస శిక్ష పడి అండమాన్ దీవులకు చేరిన స్త్రీలు. పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం 1858 మార్చిలో మొదలైంది. మద్రాసు రాజధానిలోనూ 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారం హత్యకు ఉరి, లేదా యావజ్జీవ ద్వీపాంతరమే.

ఈ స్త్రీలలో చాలామందిపై మోపిన నేరం హత్య, శిశుహత్య. బిడ్డను కన్న వితంతువుకు ఆనాటి సంఘం బతికే దారి మిగల్చలేదు. ఆమెను అక్కడిదాకా నెట్టిన మగవాడు మాత్రం బోనెక్కలేదు. 1881లో సూరత్ వితంతువు విజయలక్ష్మికి పడిన ఉరిశిక్ష మొదట ద్వీపాంతరంగా, తరవాత ఐదేళ్లకు తగ్గింది. అదే ఏడాది డిసెంబరు 11న సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించారు.

సౌత్ పాయింట్‌లోని ఆడవాళ్ల జైలులో బట్ట నేయడం వంటి పనులు చేయించేవారు. కొన్నేళ్ల సత్ప్రవర్తన తరవాత, సొంతంగా బతికే అనుమతి పొందిన ఖైదీని పెళ్లాడనిచ్చేవారు. స్థావరం నిలదొక్కుకోవడానికి అధికారులకు ఈ సంసారాలు కావాలి. స్త్రీకి జైలు గోడ దాటే ముఖ్యమైన దారి అదే. కులం, ప్రాంతం, భాష వేరైన ఈ జంటల సంతతే అక్కడి ‘లోకల్ బార్న్’ సమాజం. హిందుస్తానీ వారి ఉమ్మడి భాష అయింది.