అప్పుల లెక్కలు - న్యాయము

ఇచ్చిన అప్పునకు పత్రము గలదు. వడ్డీకి పద్దు గలదు. ఇయ్యని అప్పునకు మాత్రము ఆనవాలైనను మిగులదు. ఈ లోపమును శాసనముచే తీర్ప యత్నించిన అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్రము మన చదువరులకును తెలియదగినదని తలంచుచున్నాము.

1974లో ఆ దేశమున సమాన ఋణావకాశ శాసనము పుట్టెను. స్త్రీయని గాని, వివాహితయని గాని, అవివాహితయని గాని యెవరికిని అప్పు నిరాకరింపరాదని దాని విధి. 1976లో జాతి, వర్ణము, మతము, వయస్సు మున్నగునవి చేర్చిరి. పక్షపాతమునకు తావుండరాదని, గృహఋణములు తక్క తక్కిన అప్పులందు నీ జాతి యేదని ఋణదాత సాధారణముగా అడుగనే కూడదని నియమించిరి. ఉద్దేశము మంచిదే. కాని అడుగనిచో వ్రాయుట లేదు. వ్రాయనిచో ఋజువు లేదు.

గృహఋణముల మార్గము వేఱయ్యెను. ఏ పేటలో ఎన్ని యప్పులిచ్చిరో బ్యాంకులు ప్రకటింపవలెనని 1975 నాటి శాసనము నిర్బంధించెను. 1988లో అట్లాంటా నగరపు పత్రిక యొకటి ఆ లెక్కలనే తిరుగవేసి, ఆదాయము సమానమైనను నల్లవారి పేటలకంటె తెల్లవారి పేటలకు ఐదింతలు అప్పులు పోవుచున్నవని చూపెను. మఱుసటి యేడు శాసనము సవరింపబడి, దరఖాస్తుదారుల జాతి, ఆదాయములతోపాటు త్రోసివేసిన దరఖాస్తులు గూడ లెక్కకెక్కెను.

చిన్న వర్తకులకీ మేలు విధింపబడుట 2010లోనే. ఆ యేటి డాడ్-ఫ్రాంక్ శాసనపు 1071వ విభాగము స్త్రీలయు, అల్పసంఖ్యాక జాతులవారియు, చిన్న వర్తకులయు ఋణ దరఖాస్తుల లెక్కలను ప్రభుత్వమునకు పంపవలెనని శాసించెను. ఇందొక మెలకువ గలదు. దరఖాస్తుదారు తన జాతి చెప్పక మానవచ్చును. చెప్పినను, అప్పు నిర్ణయించు ఉద్యోగి సాధ్యమైనంతవరకు దానిని చూడరాదు. వివరము లెక్కకు దొరకవలెను, పక్షపాతమునకు దొరకరాదు.

అయినను పూర్తి నియమములు 13 ఏండ్లకు, 2023లో గాని వెలువడలేదు. ఆ యేడే కాంగ్రెసు వానిని రద్దుచేయ తీర్మానింపగా, అధ్యక్షుడు బైడెను ఆ తీర్మానమును తిరస్కరించెను. 2025లో గడువులు మరల వెనుకకు జరిగెను. ఈ లెక్కల ఖర్చు చిన్న బ్యాంకులకు భారమను ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. ఆ ఖర్చు తుదకు అప్పు తీసికొన్నవాని వడ్డీలోనే చేరవచ్చును. కాని భారమును తగ్గించుట వేఱు, దీపమును ఆర్పుట వేఱు.

అంకెలు తమంతట అన్యాయమును ఋజువు చేయవు. పరపతి, ఆదాయము, పూర్వపు బాకీలు విచారించినగాని తీర్పు చెప్పరాదు. అయినను ఆ విచారణకు తొలిమెట్టు లెక్కయే. ఇంటి పద్దు వ్రాయు గృహిణులకు ఈ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు.